పెద్దపిల్లలు లేని బడి

కంకిపాడు దాటి కాలువగట్టు వెంబడి కొంతదూరం పోతే నేతపేట తగులుతుంది. అక్కడ సగం ఇళ్ళల్లో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. తక్కిన సగం ఇళ్ళవారు పొద్దున్నే బస్సెక్కి బెజవాడ చేరి, గవర్నర్‌పేట బట్టలకొట్లలో ఎవరో నేసిన చీరలను రోజంతా విప్పి, మడిచి, చీకటిపడేవేళకు ఇల్లు చేరుతారు. పేట చివర రెండు గదుల ప్రాథమిక పాఠశాల ఉంది. దానికి ఏకైక ఉపాధ్యాయుడు మార్కండేయులుగారు.

మార్కండేయులు మాస్టారి బడిలో చదివిన పిల్లలు చదవడంలో తడుముకోరనీ, ఎక్కాలలో తప్పరనీ ఆ చుట్టుపక్కల గట్టి ప్రతీతి. ప్రతీతి నిజమే. ఆ చదువు వాళ్ళకు చెప్పినది మాస్టారు కాదన్న మాట కూడా అంతే నిజం. మొదటిది ఊరందరికీ తెలుసు. రెండవది మాస్టారికి మాత్రమే తెలుసు.

ఆయనకున్న లోపమల్లా తెలిసినదంతా చెప్పాలనిపించడం. తండ్రి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, నాడె విసురుతూ, పురాణాలు చెప్పేవాడు. వింటూ పెరిగిన కొడుకుకు ఏ చిన్నవిషయమూ చిన్నదిగా కనిపించకుండా పోయింది. పలకమీద అకారం దిద్ది, "నాయనా, ఇది అ" అని ఊరుకోవడం ఆయన చేతనయ్యేది కాదు. అకారం సకల వాఙ్మయానికీ మూలమనీ, భగవంతుడు అక్షరాలలో తాను అకారమని సెలవిచ్చాడనీ, నోరు తెరవగానే పుట్టే తొలినాదం అదేననీ చెప్పుకుపోయేవారు. ఆవులింతకూ అకారానికీ ఉన్న సంబంధం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఆ సంబంధాన్ని ప్రత్యక్షంగా నిరూపిస్తూ ఉండేవారు. లెక్కలలోనూ అంతే. ఒకటి దగ్గర పరబ్రహ్మం, రెండు దగ్గర ద్వైతం. మూడు రాకముందే బడిగంట మోగేది.

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే ఒక విశేషం జరిగింది. ఆయన తీసివేతలు బోధించి, చెమట తుడుచుకుని కూర్చోగానే, ఐదో తరగతి పిల్ల ఒకతి వెనక్కి తిరిగి మూడో తరగతివాడితో, "పక్కింటోళ్ళని ఒకటి అడుగు. మనింటికి వచ్చేసరికి అది పదైపోద్ది. ఇప్పుడు తీసెయ్యి" అంది. వాడు తీసేశాడు. లెక్క సరిపోయింది. మార్కండేయులుగారికి ముందు చిన్నతనమనిపించింది. తర్వాత సుఖమనిపించింది. కొన్నాళ్ళకు అది విధానమైంది. ఐదోవాళ్ళు మూడోవాళ్ళకు, నాలుగోవాళ్ళు రెండోవాళ్ళకు, మూడోవాళ్ళు ఒకటోవాళ్ళకు. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే ఎవరి నోటినుంచి ఎవరి చెవికి చదువు దిగుతుందో పసిగట్టడంలో ఆయనను మించినవారు లేరు. అదీ ఒక విద్యే. కాని జీతం ఆ విద్యకు కాదు గనుక పైకి చెప్పుకునేవారు కాదు. ఎవరైనా అడిగితే, విద్యలో పావు వంతు గురువువల్ల, పావు సొంతబుద్ధివల్ల, పావు తోటివారివల్ల, పావు కాలంవల్ల అబ్బుతుందన్న పెద్దలమాట వినిపించేవారు. ఆ మొదటి పావు సంగతి ఎవరూ రెట్టించి అడగకపోవడం ఆయన అదృష్టం.

విధానం ఆయన కనిపెట్టినదీ కాదు. పూర్వం మన వీధిబడులలో పంతులుగారు అరుగుమీద కునుకు తీస్తూంటే పెద్దపిల్లవాడు ముందు చెప్పడం, చిన్నపిల్లలు వెనక అనడం, ఇసుకలో వేలితో దిద్దడం మామూలే. చెన్నపట్నంలో అనాథబాలుర బడి నడిపిన తెల్లపాదిరీ ఒకాయన అది చూసి ముచ్చటపడి, తన బడిలో పెట్టి, ఆపైన తన దేశానికి పట్టుకుపోయాడు. అక్కడ దానికి చెన్నపట్నం పేరే ఉంచి, ఒక్కొక్క పంతులుకు వందలకొద్దీ పిల్లలను అప్పజెప్పి, వేలకొద్దీ బడులు నడిపారు. ఖర్చు తక్కువని మెచ్చుకున్నారు. కొంతకాలం గడిచాక, ఖర్చు తక్కువ గనుక చదువూ తక్కువేనని తేల్చి మానుకున్నారు. మన సరుకు ఓడెక్కి వెళ్ళి సీమసరుకై తిరిగిరావడం నేతవారికి కొత్త కాదు గనుక, ఈ కథ చెప్పినప్పుడల్లా మార్కండేయులుగారి శ్రోతలు ఆశ్చర్యపడేవారు కారు.

ఇలా ఆయన కొలువు పదవీవిరమణకు దగ్గరవుతూండగా ఒక వేసవిలో ఉత్తర్వు వచ్చింది. పెద్ద తరగతుల పిల్లలకు సబ్జెక్టుకొక టీచరు ఉండాలన్న సదుద్దేశంతో, దగ్గరలోని హైస్కూలులో మూడు, నాలుగు, ఐదు తరగతులను కలిపేశారు. మాస్టారి బడికి ఒకటి, రెండు మిగిలాయి. నిరుడు పేటలో ఒకటిలో చేరే ఈడు పిల్లలు లేరు గనుక రెండు పేరుకు మాత్రమే. రెండో గది ఖాళీ అయింది గనుక పేటలోని అంగన్‌వాడీని అందులోకి తెచ్చారు. ఇకమీదట మాస్టారికి భారం తగ్గుతుందని అందరూ అభినందించారు.

జూన్‌లో బడి తెరిచిననాడు మార్కండేయులుగారు తలుపు తీసి, ఎదురుగా వరుసగా కూర్చున్న పసివాళ్ళను చూశారు. వాళ్ళూ ఆయనను చూశారు. మధ్య ఎవరూ లేరు. కొలువులో చేరిన ఇన్నేళ్ళకు మొదటిసారిగా ఆయన పాఠం చెప్పవలసివచ్చింది.

చెప్పారు. రెండు నెలలపాటు ప్రాణంపెట్టి చెప్పారు. శ్రావణంలో ఒక సాయంత్రం బుల్లెమ్మ బడికి వచ్చింది.

బుల్లెమ్మ రాట్నం ముందు కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టే పెద్దావిడ. కొడుకు వేణుగోపాలూ కోడలూ గవర్నర్‌పేటలో ఒకే కొట్టులో పనిచేస్తారు గనుక మనవరాలు రుచితను పగలంతా చూసుకునేది ఆమే. ఆమెకు అక్షరం రాదు. అయినా పేటలో ఏ పిల్ల ఏ బడికి పోవాలో నిర్ణయమయ్యేది ఆమె రాట్నం దగ్గరే. ఆమె మనవరాలు ఎటు పోతే తక్కినవాళ్ళు అటు పోతారు. తక్కినవాళ్ళు పోతే మాస్టారి బడికి తాళం పడుతుంది. ఇది ఆమెకూ తెలుసు, మాస్టారికీ తెలుసు.

"మాస్టారూ, మా పిల్లకి ఏ అక్షరం చూపించినా దేవుడంటుందండీ," అంది బుల్లెమ్మ గుమ్మంలోనే నిలబడి. "అ చూపించినా దేవుడే. క చూపించినా దేవుడే. నిన్న ఉప్పు ప్యాకెట్టు చూపిస్తే, దాన్నిండా దేవుళ్ళే అంది."

"అందులో తప్పేముందండీ బుల్లెమ్మగారూ? తత్త్వం విచారిస్తే..."

"తత్త్వం నేను పోయేలోపు నేర్చుకుంటాను లెండి. దానికి ఆరేళ్ళు. దానికి అక్షరాలు కావాలి."

"మెల్లగా వస్తాయి."

"దసరా సెలవులదాకా చూస్తాను. అప్పటికి చదివిందా, మీ బడిలోనే ఉంటుంది. లేదా, ఆ కాన్వెంటు పసుప్పచ్చ బస్సు ఎక్కించేస్తాను. మీమీద గౌరవం లేక కాదండోయ్. మా అబ్బాయి మీ దగ్గరే కదా చదివాడు. వాడికెంత బాగా వచ్చింది!"

వేణుగోపాలుకు చదువు చెప్పినది అప్పటి నాలుగో తరగతి పిల్ల. ఆ మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

మరునాడు సాయంత్రం ఆయన గొడుగు వేసుకుని హైస్కూలు దారిలో నిలబడ్డారు. నిరుడు తన బడిలో నాలుగో తరగతి చదివి, ఇద్దరు మొండిఘటాలకు ఒంటరిగా గుణింతాలు నేర్పిన జ్యోతిర్మయి ఆ దారినే వస్తోంది. పెద్దపిల్ల ఒక్కతి దొరికితే చాలునని ఆయన ఆశ.

"అమ్మా జ్యోతిర్మయీ, రోజూ ఒక్క అరగంట మన బడికి వచ్చి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పిపోకూడదూ?"

"కుదరదండి మాస్టారూ. స్టడీ అవరుంది మాకు."

"అక్కడ నువ్వు ఎవరికి చెబుతున్నావు?"

"ఎవరికీ లేదండి. అక్కడ మేమే చిన్నపిల్లలం." బరువైన సంచీని ఆ భుజంనుంచి ఈ భుజానికి మార్చుకుంది. "టెన్త్ క్లాసు అక్కలు మాచేత బోర్డు తుడిపిస్తారు. చాక్‌పీసు ముట్టుకోనివ్వరు."

నిన్నటిదాకా గురుస్థానంలో ఉన్న పిల్ల గుడ్డపట్టుకుని నల్లబల్ల తుడుస్తున్నదని విని మాస్టారికి మనసు చివుక్కుమంది. ఇంద్రపదవినుంచి జారినవారి కథలు ఆయనకు చాలా తెలుసు. వారిలో పదేళ్ళపిల్ల మాత్రం లేదు.

ఆ నెలలోనే ఆయనకు బెజవాడలో శిక్షణ పడింది. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైఅంతస్తు హాలు. కింద ఆటోల మోత, పైన ఫ్యాన్ల మోత. ఏకోపాధ్యాయ పాఠశాలలవారిని అందరినీ కూర్చోబెట్టి, ఉషశ్రీ అనే శిక్షకురాలు తెరమీద బొమ్మలు చూపిస్తూ వివరించింది. పాపం, చురుకైన పిల్ల. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పితే ఇద్దరికీ మేలు జరుగుతుందని విదేశాలలో పరిశోధనలు తేల్చాయట. దానిని పీర్ లెర్నింగ్ అంటారట. ఈ సంవత్సరంనుంచి ప్రతి బడిలోనూ అమలు జరపాలట.

మార్కండేయులుగారు లేచి నిలబడి, "అమ్మా, మా పెద్దపిల్లలను మొన్న జూన్‌లో తీసుకుపోయారు. మరి ఎవరిచేత చెప్పించమంటారు?" అని అడిగారు.

హాలంతా గొల్లుమంది. ఉషశ్రీ మాత్రం నవ్వలేదు. "చాలా మంచి ప్రశ్న సార్," అని ఆ ప్రశ్నను పసుపురంగు కాగితంమీద రాసి, తర్వాత చూడవలసిన ప్రశ్నలకని గోడకు వేలాడదీసిన అట్టమీద అంటించింది. సాయంకాలానికి ఆ అట్టమీద కాగితాలు దట్టంగా మొలిచాయి. భోజనాల తర్వాత ట్యాబులో వివరాలు నింపవలసివచ్చినప్పుడు పెద్ద మాస్టార్లందరూ తెల్లమొహాలు వేశారు. అప్పుడు ఉషశ్రీ, "వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చుని నేర్పండి ప్లీజ్," అంది. విదేశీ పరిశోధన ఆ హాలులో వెంటనే ఫలించింది. మార్కండేయులుగారి ప్రశ్న గోడమీదనే ఉండిపోయింది.

బడికి తిరిగి వచ్చేసరికి దసరా మరింత దగ్గరపడింది. రుచిత ఇంకా ఉప్పు ప్యాకెట్టులో దేవుళ్ళనే చూస్తోంది.

ఒక ఉదయం పక్కగది అంగన్‌వాడీ కార్యకర్త ఆదెమ్మ గుమ్మంలోకి వచ్చింది. చంకలో ఒక బుడతడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"మాస్టారండీ, గుడ్ల బండి వచ్చింది. లెక్క చూసుకుని సంతకం పెట్టాలి. ఈ చక్రిగాడు ఒకటే రాగం. కాసేపు మీ పిల్లల్లో కూర్చోబెట్టుకోండి, పుణ్యముంటుంది."

ఆమె పిల్లవాడిని దింపి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళవాడు. గది దద్దరిల్లింది. వాడిని ఊరుకోబెట్టడం తప్ప మరే ఉద్దేశమూ లేకుండా మాస్టారు దగ్గరలో ఉన్న పిల్లను చూసి, "అమ్మాయ్ రుచితా, వాడి పక్కన కూర్చుని ఏదో ఒక అక్షరం చెప్పు," అన్నారు.

రుచిత పలక పట్టుకుని వాడి పక్కన కూర్చుంది. వాడు ఏడుపు ఆపి ఆమెవైపు చూశాడు. ఆమె పలకవైపు చూసింది. నిన్న మాస్టారు దిద్దించిన అక్షరం ఉంది దానిమీద. దానిని గురించి ఆమె విన్నది చాలా ఉంది. దాని పేరు మాత్రం తెలియదు. ఇన్నాళ్ళూ తెలియకపోవడం ఆమెను బాధించలేదు. బడిలో ఎవరికీ తెలియదు గనుక అది అవమానం కాదు. కాని ఇప్పుడు తనకంటే చిన్నవాడు, చొక్కాతో ముక్కు తుడుచుకుంటూ, తనకు తెలుసునన్న నమ్మకంతో ఎదురుచూస్తున్నాడు.

లేచి పరుగున మాస్టారి దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఇదేంటి?"

మార్కండేయులుగారి ముఖం వికసించింది. "అది మకారం తల్లీ. పెదవులు రెండూ కలిస్తేనే గాని పుట్టదు. ప్రణవంలో చివరి..."

"కథ వద్దు మాస్టారూ! పేరు చెప్పండి చాలు. వాడు మళ్ళీ ఏడుస్తాడు."

"మ."

"మ నా?"

"మ."

రుచిత వెనక్కి పరుగెత్తింది. "ఇది మ," అంది చక్రితో. "మగ్గంలో మ."

"మగ్గంలో ఎందుకు?"

"ఎందుకూ లేదు. అంతే. అను."

"మ," అన్నాడు వాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎందుకూ లేదు, అంతే. ఇన్ని శాస్త్రాలు తిరగేసినా తనకు ఈ వాక్యం ఎక్కడా తగలలేదు.

ఆ పూట రుచిత పలక పట్టుకుని ఆయన దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఒకే అక్షరం అడిగింది. ఆయన నోరు రెండో మాటకు తెరుచుకునేలోపు మాయమైంది. మరునాడు ఆదెమ్మకు గుడ్ల బండి లేకపోయినా చక్రి ఈ గదిలోనే తేలాడు. వాడి వెంట మరి ఇద్దరు ముగ్గురు వచ్చారు. తక్కిన ఒకటో తరగతివాళ్ళకూ తలొక శిష్యుడు కావాలన్న పంతం పుట్టింది. పేటలో సాయంత్రాలు మారిపోయాయి. బస్సు దిగి ఇంటికి వచ్చిన వేణుగోపాలు కాళ్ళు కడుక్కోకముందే కూతురు ఎదురువచ్చి, "నాన్నా, రేపటికి నాకు రెండు అక్షరాలు కావాలి. వాడు అడుగుతాడు," అనేది. వాడికంటే ముందుండాలని అక్షరాలు దాటి గుణింతాలూ, ఒత్తులూ కూడా అడిగి పెట్టుకుంది. పెద్దపిల్లలను తీసుకుపోయిన బడిలో ఆరేళ్ళవాళ్ళు పెద్దపిల్లలైపోయారు. కావలసిందల్లా వాళ్ళకంటే చిన్నవాళ్ళు మాత్రమేనని మార్కండేయులుగారికి అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళుగా చెప్పించుకునేవాడే లాభపడుతున్నాడని ఆయన భ్రమ. చెప్పేవాడి లాభాన్ని ఆయన లెక్కవేయనే లేదు.

దసరా సెలవులు వచ్చాయి. మూలానక్షత్రంనాడు బుల్లెమ్మ మనవరాలిని తీసుకుని అమ్మవారి దర్శనానికి ఇంద్రకీలాద్రికి వెళ్ళింది. సెలవుల తర్వాత బడి తెరిచిన మొదటిరోజునే ఆమె మాస్టారి ముందు నిలబడింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఉంది.

"చదివిందండీ మాస్టారూ!" అంది బుల్లెమ్మ. "క్యూలైనులో ఎన్ని బోర్డులున్నాయో అన్నీ చదివేసింది. చెప్పులు ఇక్కడ పెట్టరాదంట. జేబుదొంగలున్నారంట. ముందు నిలబడ్డ ఎవరో బాబుకి కూడా చదివి చూపించింది. వాడిచేత అనిపించింది!"

మాస్టారి కళ్ళు చెమర్చాయి. బడి నిలబడింది. "అంతా అమ్మవారి దయ," అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

"దయేనండి. అందుకే టీసీ ఇప్పించండి."

మాస్టారికి అర్థంకాలేదు. "చదివితే ఇక్కడే ఉంచుతానన్నారు కదా?"

బుల్లెమ్మ నేలచూపులు చూసింది. "అన్నానండీ. ఏం చెప్పమంటారు? ఆ బాబు వాళ్ళమ్మ, పట్టుచీర కట్టుకున్నావిడ, మా పిల్ల బుగ్గ గిల్లి, 'ఏ కాన్వెంటండీ మీ పాపది?' అని అడిగింది. అంతమందిలో మీ బడి పేరు చెప్పడానికి నోరు రాలేదండి. ఠక్కున పసుప్పచ్చ బస్సు బడి పేరు చెప్పేశాను. చెప్పి తలెత్తితే ఎదురుగా అమ్మవారు! సరస్వతీ అలంకారంలో! చదువులతల్లి ముందు చదువు గురించి అబద్ధమాడానండీ మాస్టారూ!"

"క్షమించమని అక్కడే అడగకపోయారా?"

"టైమెక్కడిదండీ? 'జరగండమ్మా జరగండి' అని తోసేశారు. ఇంటికొచ్చి మూడు రోజులు అన్నం సయించలేదు. చివరికి తోచింది. ఆడిన మాటని నిజం చేసేస్తే ఇక అబద్ధం ఉండదు కదండీ."

మార్కండేయులుగారు దీనికి జవాబు వెతుక్కున్నారు. సత్యంకోసం రాజ్యం వదిలినవారు ఆయనకు జ్ఞాపకం వచ్చారు. ఆలుబిడ్డలను అమ్ముకున్నవారు జ్ఞాపకం వచ్చారు. తండ్రి ఆడిన మాటకోసం అడవికి పోయినవారు జ్ఞాపకం వచ్చారు. ఆడిన మాటను వెనక్కి తీసుకుని సుఖపడినవాడు ఒక్కడైనా దొరకలేదు. ఆయన తండ్రి మగ్గంమీద చెప్పిన పురాణాలన్నీ బుల్లెమ్మ పక్షమే. టీసీ రాసిచ్చారు.

రుచిత కొంగు వదిలి చక్రి దగ్గరికి వెళ్ళింది. "ఒరేయ్, నేను బస్సులో వెళ్ళిపోతున్నాను. వ దాకా చెప్పాను. మర్చిపోయావంటే చూడు," అని వేలు చూపించి వెళ్ళిపోయింది.

తక్కిన పిల్లల తల్లులు వెంటనే కదల్లేదు. బుల్లెమ్మ మనవరాలికి అక్కడ ఎలా ఉంటుందో ఒక నెల చూద్దామని ఆగారు. మాస్టారూ ఆగారు. ఆయన చేయగలిగిందీ అంతే.

కార్తీకమాసంలో ఒక పనిదినాన పొద్దున, పసుప్పచ్చ బస్సు పేట దాటి వెళ్ళిన తర్వాత, బుల్లెమ్మ రుచితను రెక్కపట్టుకుని లాక్కువచ్చింది. పిల్ల మెడలో టై ఉంది. కాళ్ళకు బూట్లున్నాయి. ముఖంలో ఏ పశ్చాత్తాపమూ లేదు.

"మీరే చెప్పండి దీనికి!" అని కూలబడింది బుల్లెమ్మ. "రెండు రోజులు ఇంట్లో ఉంచమని పంపేశారు. టీచరు చెప్పడం ఆపగానే వెనక్కి తిరిగి అందరికీ మళ్ళీ చెప్తుందంట. ఒక పిల్లాడి పలక లాక్కుని దిద్దించిందంట. వాళ్ళ నాన్న స్కూలుకొచ్చి గొడవ. 'మేం ఫీజు కట్టింది టీచరుచేత చెప్పించుకోవడానికి. ఈ పిల్లచేతనా?' అని."

"వాడికి రాలేదు మాస్టారూ," అంది రుచిత. "మిస్ చెప్తే రాలేదు. నేను చెప్తే వచ్చింది."

"అదుగో, వినండి! ఇంకోసారి నోరు తెరిస్తే టీసీ చేతిలో పెడతారంట. అప్పుడు అమ్మవారి ముందు నా మాటేం కావాలి? మీ మాటంటే దానికి గురి. మీ బడిలో పట్టుకున్న అలవాటే ఇది. క్లాసులో నోరు మూసుకుని ఎలా కూర్చోవాలో మీరే నేర్పాలి మాస్టారూ."

మార్కండేయులుగారి ఎదుట ధర్మసంకటం నిలిచింది. ఈ పిల్ల నోరు మూసుకోవడం నేర్చుకుంటే పసుప్పచ్చ బస్సులో స్థిరపడుతుంది. పేట పిల్లలు ఆ బస్సు ఎక్కుతారు. ఈ బడికి తాళం పడుతుంది. నేర్చుకోకపోతే తిరిగి ఇక్కడికే వస్తుంది. కొద్దిగా తేలిగ్గా చెప్పి వదిలేస్తే ఎవరికీ తెలియదు. కాని గురువనిపించుకున్నవాడు విద్య దాచకూడదు. నమ్మి వచ్చిన మనిషిని వంచించకూడదు. తన బడి మునిగినా సరే, ఈ ఒక్క పాఠం త్రికరణశుద్ధిగా చెప్పాలని నిశ్చయించుకుని, ఇష్టదైవాన్ని తలుచుకుని, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

చెప్పారు. మౌనం మునుల ధనమన్నారు. వాక్కు పర, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని నాలుగు తెరగులనీ, మనం నోటితో పలికేది చిట్టచివరిది మాత్రమేననీ వివరించారు. దక్షిణామూర్తి యువకుడై ఉండి, ఎదుట కూర్చున్న ముసలి శిష్యులకు ఒక్క మాటా పలకకుండా సమస్తమూ బోధించిన వైనం చెప్పారు. చెబుతూండగా ఆయనకే ఒళ్ళు పులకరించింది. ఇంత చక్కగా తానెన్నడూ చెప్పలేదనిపించింది. బుల్లెమ్మ రెండు చేతులూ జోడించి వింటోంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు గోడకు చేరగిలబడ్డారు. రుచిత మాత్రం టై సర్దుకుని, చేతులు కట్టుకుని, రెప్పవేయకుండా ఆసాంతం విన్నది.

"తెలిసిందా తల్లీ?"

"తెలిసింది మాస్టారూ."

బుల్లెమ్మ హమ్మయ్య అనుకుంది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. తన ధర్మం తాను నెరవేర్చారు. ఇక బడి ఏమైనా కానీ.

అంతలో చక్రి మోకాళ్ళమీద జరుగుతూ వచ్చి, "అక్కా, మాస్టారు ఏం చెప్పారు?" అన్నాడు.

"మాట్లాడకుండా ఉండాలంట."

"ఎట్లా?"

"ఎట్లా ఏంట్రా? ఇటు తిరుగు, చెప్తాను," అని రుచిత వాడి భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది. గొంతు పెంచింది. "నువ్వు కూడా రా. అందరూ రండి. చూడండి, ముందు పెదాలు ఇలా పెట్టాలి." గోడకు చేరగిలబడ్డ పిల్లలందరూ లేచి చుట్టూ మూగారు. "పెట్టారా? ఇప్పుడు నేనేం అడిగినా చెప్పకూడదు. చక్రీ, నీ పేరేంటి?"

"చక్రి."

"తప్పు! మళ్ళీ!"

గదంతా నవ్వులతో, అరుపులతో, తప్పులతో, మళ్ళీలతో నిండిపోయింది. పక్కగదిలోంచి ఆదెమ్మ ఏం జరిగిందోనని పరుగున వచ్చి తొంగిచూసింది. మార్కండేయులుగారు కళ్ళు తెరిచి బుల్లెమ్మవైపు చూడడానికి జంకారు. ఆయన దాచుకున్నదేమీ లేదు. తెలిసినదంతా చెప్పారు.

బుల్లెమ్మ మనవరాలినీ, చుట్టూ మూగిన పిల్లలనూ చూసింది. ఆ తర్వాత మోకాలిమీద చెయ్యి ఆనించి లేచి, కొంగు దులుపుకుంది.

"మాస్టారూ, కొండమీద రద్దీ ఏ రోజున తక్కువుంటుందండీ?"

"మంగళ, శుక్ర, ఆదివారాలు కాకుండా ఏ రోజైనా ఫరవాలేదు. ఏమండీ?"

"అమ్మవారితో కాస్త తీరుబడిగా మాట్లాడుకోవాలి," అంది బుల్లెమ్మ.